కళింగతీరపు ఇసుకరేణువు – బ్రహ్మాండపు కొలత

ఏటేట మార్చి 9, 10 తేదీలలోను, అక్టోబరు 1, 2 తేదీలలోను శ్రీకాకుళ పట్టణమును జేరియున్న అరసవల్లిలో సూర్యోదయమునకు ముందే జనము క్రిక్కిఱిసి నిలుచును. ఆకాశము నిర్మలముగా నున్నచో ప్రథమకిరణములు గోపురద్వారము దాటి, అనివెట్టి మంటపముగుండ సాగి, గర్భాలయమున శ్రీ సూర్యనారాయణస్వామి పాదములపై బడును. కళింగాధీశుడగు దేవేంద్రవర్మ కట్టించెనని చెప్పబడు నీ దేవళమును నిర్మించిన స్థపతి సూర్యగతి నెఱిగినవాడు. ఉత్తరమునకు బోవునపు డొకమాఱును, దక్షిణమునకు మరలునపు డొకమాఱును సూర్యుడు దిఙ్మండలమున నించుమించు నొక్క స్థానముననే యుదయించును. కావుననే యీ దర్శనము సంవత్సరమునకు రెండుమాఱులు లభించుచున్నది. దీనిని వింత యనువారిని మేము కాదనము. కాని లెక్క తెలిసిన వింత తెలియని వింతకంటె గొప్పది.

ఆ కిరణము స్వామి పాదములకు జేరుటకు ముందు 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు నడచినది. నడచుటకు 8 నిమిషముల 19 సెకండ్లు పట్టినది. అది మంటపమున జొచ్చినపుడు దానియందు ధూళి కణములు తేలియాడుట భక్తు లందఱు చూచునదియే. మన వైశేషికులు సరిగా నిట్టి కిరణమునందలి ధూళికణమునే కొలతకు మొదటిమెట్టుగా గైకొనిరి. కంటికి గనుపించు నీ కణమునకు త్రసరేణువని పేరిడి, మూడు ద్వ్యణుకములు కూడిన నొక త్రసరేణువనియు, ద్వ్యణుకమున రెండు పరమాణువు లుండుననియు, కావున త్రసరేణువునం దాఱు పరమాణువు లనియు వారు నిర్ణయించిరి. పదార్థమును విభజించుకొని పోగా నెచ్చటనో యాగవలె నను నూహ కణాదుని సంప్రదాయమువారిది. ఆ యూహ దొడ్డది. లెక్క మాత్రము సరికాదు. మిల్లీమీటరులో నూఱవవంతు గల ధూళికణమున నేడు మన మెఱిగిన పరమాణువు లాఱు గావు. ఇంచుమించు కోటి కోట్లు.

ఈ మాట వినగానే కొందఱు మిత్రులకు మనసు నొచ్చును. సర్వము మన గ్రంథములలో నున్నదనుట దేశభక్తి యని వారి తలంపు. మా యభిప్రాయ మందుకు భిన్నము. తర్కముచే పరమాణువును గల్పించిన పూర్వుల ధైర్యమును గొనియాడుదము. దాని పరిమాణమును తూచి చూపిన యాధునికుల శ్రమను గూడ గొనియాడుదము. ఒకరి యాస్తిని మఱియొకరి పేర వ్రాయుట దస్తావేజులయందు నేరము. శాస్త్రమునందు మాత్రమేల కాదు?

సన్నని ధూళిని విడిచి సముద్రతీరమునకు బోదము. కళింగపట్టణముకడ వంశధార సాగరమున గలియుచున్నది. దానికి దక్షిణముగా నాగావళి గలియుచున్నది. ఈ నదులు తూర్పుకనుమలనుండి గొనివచ్చు నిసుకలో తెల్లని చాళ్లు, నల్లని చాళ్లు, నెత్తురువంటి యెఱ్ఱని చాళ్లు నుండుట భీమునిపట్టణము మొదలు భావనపాడు వఱకు తీరవాసు లెఱిగినదే. కెరటము బరువైన రేణువులను వెనుక విడిచి తేలికవానిని లాగికొని పోవును. మన యాడువారు చేటతో బియ్యము చెఱిగినట్టు సముద్రుడు వేలయేండ్లుగా నిసుకను చెఱుగుచున్నాడు. నల్లనిది ఇల్మెనైటు, ఎఱ్ఱనిది గార్నెట్టు. వానితో జిర్కాను, సిల్లిమనైటు, తేనెరంగు గల మోనజైటు. గార్నెట్టును, సిల్లిమనైటును పుట్టించిన కొండఱాతికి శాస్త్రజ్ఞులు ఖోండలైటని పేరిడిరి. ఆ కొండలలో నివసించు ఖోండుల పేరది. మన మన్యపు జనుల పేరు భూగర్భశాస్త్ర గ్రంథములలో శాశ్వతముగ నిలిచిన సంగతి విజయనగరపు వీధులలో నెందఱికి దెలియునో మా కనుమానము.

అరమిల్లీమీటరు గల యొక యిసుకరేణువును వ్రేలికొనపై నిలుపుడు. అందలి పరమాణువుల సంఖ్యను వ్రాయవలెనన్న 1 ప్రక్కన 19 సున్నలు చుట్టవలెను. ఆ రేణువు మోనజైటైనచో దానిలో థోరియ మను లోహ ముండును. ఒక థోరియము పరమాణువును విజయనగరపు కోట యంతగా బెంచినట్లు భావింపుడు. 1713లో కట్టిన యా కోట యొక్కొక్క ప్రక్క 240 మీటర్లు గలది. పరమాణువు కోటయంత యైనపుడు దాని కేంద్రకము కోట నడుమ బెట్టిన రేగుగింజ యంత యగును. ఆ గింజలోనే పరమాణువు బరువంతయు నించుమించుగా నిమిడియున్నది: 90 ప్రోటానులు, 142 న్యూట్రానులు. గింజకును కోటగోడకును నడుమ 90 ఎలక్ట్రానులు దక్క మఱేమియు లేదు. ఎలక్ట్రానుకు పరిమాణమే యింతవఱకు నెవరికిని దొరకలేదు. ప్రోటాను లోపల మూడు క్వార్కులు గలవు. వానికిని కొలత చిక్కలేదు. ప్రోటానులో వేయవవంతుకంటె చిన్నవని మాత్రము చెప్పగలుగుచున్నారు. మన కాలిక్రింది రాయి గట్టిగా నుండుట రాయి నిండియుండుటచే గాదు. ఎలక్ట్రానుల యొకదాని నొకటి చొరనీయని స్వభావముచేతను, విద్యుద్బలముచేతను.

ఈ థోరియము స్థిరమైనది కాదు. దాని కేంద్రకము ఎప్పుడో యొకప్పుడు ఒక యాల్ఫాకణమును వెలికి జిమ్మి మాఱిపోవును. ఆ మార్పులు వరుసగా సాగి, ఆఱు ఆల్ఫాకణములు వెడలిన పిమ్మట కడకు సీసమై శాంతించును. గ్రాము థోరియమునుండి ప్రతి సెకండునకు సుమారు 4,000 కేంద్రకము లిట్లు మాఱుచుండును. అయినను ఆ గ్రాములో సగము తఱుగుటకు 1,405 కోట్ల సంవత్సరములు పట్టును. విశ్వము పుట్టి 1,380 కోట్ల సంవత్సరములు. అనగా, సృష్ట్యాదియందే థోరియము పుట్టియుండినను దానిలో సగము నేటికిని మిగిలియే యుండెడిది!

అది సృష్ట్యాదియందు పుట్టలేదు. అంతటి బరువైన ధాతువులు పుట్టుటకు భయంకరమైన సంఘట్టనములు కావలెను. న్యూట్రాను తారలు రెండు ఢీకొనుట వానిలో నొకటి. 13 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున జరిగిన యట్టి సంఘట్టన వార్త 2017 ఆగస్టు 17న భూమికి జేరినది. లైగో, వర్గో యను యంత్రములు దాని గురుత్వతరంగములను పట్టినవి. ఆ వెలుగునందు బరువైన ధాతువుల పుట్టుక జాడలను దూరదర్శినులు చూచినవి. సూర్యుడు పుట్టకముందు మన యాకాశగంగలో నెచ్చటనో యట్టి విపత్తు జరిగి, ఆ భస్మము భూమిలో గలసి, తూర్పుకనుమల నెక్కి, వంశధారలో దిగి, నేడు గార గ్రామపు పిల్లవాని కాలి కంటుకొనుచున్నది.

ఇచ్చట నొక చిత్రమైన చుట్టరికమును చెప్పక తప్పదు. ఆల్ఫాకణ మనగా హీలియము యొక్క కేంద్రకమే. ఆ హీలియము జాడ మనుష్యునకు మొట్టమొదట దొరికినది భూమిపై గాదు, సూర్యునియందు. అందులోను ఆంధ్రదేశపు టాకాశమున. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును జూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. మద్రాసు వేధశాలాధికారి పాగ్సన్ మచిలీపట్టణమున మకాము పెట్టెను. సూర్యుని యంచున లేచిన జ్వాలల కాంతిని విడదీసి చూచిన వారికి ఒక పసుపురేఖ గనబడినది. ఆ తరువాతి పరిశీలనలవలన అది భూమిపై నెఱుగని ధాతువుదని తేలి, సూర్యునకు గ్రీకుపేరగు ‘హీలియోసు’ననుసరించి హీలియ మనిరి. 1895లో రామ్సే దానిని భూమిపై యురేనియపు ఖనిజమునుండి రాబట్టెను. సూర్యగర్భమున హైడ్రోజను కలసి హీలియ మగుచున్నది, ఆ యగ్నిచేతనే మనకు వెలుగు; కళింగతీరపు మోనజైటులో థోరియము విచ్చి హీలియము నీనుచున్నది. అరసవల్లి స్వామి పాదములపై బడు వెలుగునకును, ఆ ప్రక్కనే తీరమునబడియున్న యిసుకకును నిట్టి సంబంధము.

ఈ సంబంధము వట్టి వినోదము కాదు. అణుఖనిజ శాఖవారి లెక్కలనుబట్టి భారతదేశమున మోనజైటు నిక్షేపము లందఱికంటె నధికముగ గలది ఆంధ్రప్రదేశమే. 35 లక్షల టన్నులకు పైమాట. హోమీ భాభా గీచిన మూడంచెల ప్రణాళికలో కడపటి యంచె థోరియముపైననే నిలిచియున్నది. ఈలోపల రణస్థలము మండలమున కొవ్వాడయొద్ద నొక్కొక్కటి 1,208 మెగావాట్లు గల యాఱు అమెరికా రియాక్టర్లను నిలుప నుద్దేశించి, మత్స్యకారుల గ్రామములను, భూములను సేకరించుటకు బూనిరి. ఇవి నడచునది యురేనియముతో; మన యిసుకతో గాదు. అణుశక్తి కూడదని మేము చెప్పము. కాని రేగుగింజ యంతటి కేంద్రకమున నింత శక్తి యిమిడియున్నదని యెఱిగిన ప్రభుత్వము, ఆ శక్తి యేమో, దానినుండి రక్షణ యేమో, తన వలను దెచ్చి యెచ్చట నారవేసికొనవలెనో తెలిసికొనగోరు బెస్తవానికి తెలుగున విప్పి చెప్పవలదా? వానికి నష్టపరిహారపు పట్టిక యిచ్చినంత మాత్రమున సరిపోదు. గరివిడి ప్రాంతమున కోడూరు మాంగనీసు 1892 మొదలు గనులనుండి వెడలి ఓడలకెక్కి విదేశములకు బోయినది. త్రవ్వినవానికి దాని విలువ తెలియలేదు, తెలిసినవాడు చెప్పలేదు. ఇసుకకును ఆ గతి పట్టరాదు.

ఇక పైకి జూతము. భూమికి సూర్యుడెంత దూరము? సూర్యసిద్ధాంతము చంద్రకక్ష్యను 3,24,000 యోజనములనియు, సూర్యకక్ష్యను 43,31,500 యోజనములనియు జెప్పుచున్నది. అనగా చంద్రునికంటె సూర్యుడు పదుమూడు రెట్ల దూరమున నున్నాడు. యథార్థము 389 రెట్లు. పొరపాటెచ్చట? గ్రహములన్నియు దినమునకు సమానమైన యోజనములు నడచునని మనవారు ముందుగ ననుకొని, ఆ లెక్కపై దూరములు గట్టిరి. గ్రీకులలో అరిస్టార్కసు వేఱొక త్రోవను బోయి 18 మొదలు 20 రెట్ల యొద్ద నాగెను. కొలుచుటకు సాధనము లేనిచోట బుద్ధి యెంత తీక్ష్ణమైనను తప్పును. గ్రహణములను ఘడియవిఘడియలతో జెప్పిన సిద్ధాంతకర్తలకు దూరములు తప్పుటలో నగుబాటు లేదు. అదే కల్పమునకు 432 కోట్ల సంవత్సరములన్న మాటను, భూమి వయస్సు 454 కోట్లన్న మాటను ప్రక్కప్రక్కన బెట్టి, చూచితిరా యని మీసము దువ్వుటలో నగుబాటు కలదు.

సూర్యుని దూరమును నిర్ణయించుటకు సాధనము శుక్రుడు. శుక్రుడు సూర్యబింబముపై నల్లనిచుక్కవలె నడచుట నూఱేండ్లకు పైగా నొకమాఱు, ఎనిమిదేండ్ల యెడమున జంటగా సంభవించును. బొటనవ్రేలిని ముఖమునకెదురుగ బట్టి యొక కంటితోను, మఱల రెండవకంటితోను జూచినచో వ్రేలు గోడపై స్థానము మాఱినట్టగపడును గదా! అట్లే భూమిపై దూరదూరముగ నున్న రెండు స్థలములనుండి చూచువారికి శుక్రుడు సూర్యబింబమును వేఱువేఱు రేఖలపై దాటును. ఆ భేదమును గొలిచిన సూర్యుని దూరము దొరకును. 1874 డిసెంబరు 9న జరిగిన శుక్రగమనమునకై యైరోపా రాజ్యములు ధనము వెదజల్లి దేశదేశములకు పండితులను బంపినవి. ఆ నాడు విశాఖపట్టణమున ఒక తెలుగువాడు తన సొంత వేధశాలలో, ఆఱంగుళముల దూరదర్శినితో దానిని జూచి, కాలములు గుర్తించి, లండను రాజకీయ ఖగోళసంఘపు పత్రికకు బంపెను. ఆయన అంకితము వేంకట నరసింగరావుగారు.

ఆ వేధశాలను 1840లో స్థాపించినది ఆయన మామగారు గోడే వేంకట జగ్గారావుగారు. జమీందారు వంశమువారు, 1817లో పుట్టి, మద్రాసు వేధశాలలో టేలరుదొర కడ ఖగోళము నభ్యసించి వచ్చి, విశాఖలో డాబాతోటలయందు దూరదర్శినిని నిలిపిరి. 39వ యేటనే, 1856లో, కాలధర్మ మొందిరి. ఆ కాలపు జమీందారులు ధనమును దేనిపై వెచ్చించిరో పాఠకు లెఱుగనిది కాదు. ఆ లెక్కలలో దూరదర్శినికి జోటు దొరకుట యరుదు. అల్లుడు మామగారి పనిని విడువక, డిప్యూటీ కలెక్టరు కొలువును వదలుకొని, వేధశాలను పెంచెను. ఆయన తరువాత ఆయన భార్య యొసగిన విరాళముచే విశాఖలోని కళాశాల ‘మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల’ యైనది. ఆ కళాశాలలోనే చంద్రశేఖరయ్యరుగారు ఉపన్యాసకులుగా నుండగా, ఆయన కుమారుడు రామన్ విశాఖలో 11వ యేట మెట్రిక్యులేషను తీర్ణుడయ్యెను. 1928 ఫిబ్రవరి 28న కాంతి యణువులపై బడి రంగు మార్చుకొను విషయమును గనిపెట్టి 1930లో నోబెల్ బహుమానము నందెను. గోదావరిమండలపు గొరగనమూడిలో పుట్టిన సన్న్యాసి, స్వామి జ్ఞానానంద, ప్రేగులో ఎక్స్‌కిరణ శాస్త్రము సాధించి, లివర్‌పూలులో చాడ్విక్కు కడ పనిచేసి, కేంద్రకశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పినదియు విశాఖయందలి ఆంధ్ర విశ్వవిద్యాలయముననే. హైదరాబాదులో నవాబు జఫరుజంగు 1901లో సొంతముగ మొదలిడిన నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్రపట కార్యమున పాల్గొని, 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రముల స్థానములను అచ్చొత్తించినది. విజయనగరపు ఆనందగజపతి మహారాజు మాక్సుముల్లరు ఋగ్వేదభాష్యపు రెండవ ముద్రణకు ధనమిచ్చెను. ఇచ్చువా రుండిరి.

జగ్గారావుగారి వేధశాల నేడు లేదు. డాబాగార్డెన్సను పేరు మాత్రము నిలిచినది. అచ్చట దిగు వారిలో నా పేరు వెనుక నక్షత్రములున్నవని యెఱిగినవారు అరుదు.

సూర్యుని దాటినపిమ్మట కిలోమీటరు పనికిరాదు. కాంతి నడకయే కొలబద్ద. సెకండునకు 3 లక్షల కిలోమీటర్లు పోవు కాంతికి చంద్రునినుండి వచ్చుటకు సెకండుకు కొంచె మెక్కువ, నెప్ట్యూనునుండి నాలుగు గంటలు. 1977లో బయలుదేరిన వాయేజరు నౌక యిన్నేండ్లు పరుగిడి, కాంతి యొక్కదినమున నడచు దూరమునకు నేటికి చేరవచ్చినది. అతి సమీపపు నక్షత్రమునకు కాంతికే నాలుగేండ్లకు పైగా పట్టును. పెండ్లియందు పురోహితుడు వధూవరులకు జూపు అరుంధతీవసిష్ఠుల వెలుగు ఎనుబదియేండ్లకు పూర్వము బయలుదేరినది. మన తండ్రులును తాతలును చెఱసాలలకు బోవుచున్న దినములనాటి వెలుగది. ఆ జంట జంటయు గాదు. దూరదర్శినులు వెదకిన కొలది వసిష్ఠునియందు నాలుగును, అరుంధతియందు రెండును నక్షత్రములు తేలినవి. పురోహితులు దీనిని చెప్పినచో వధూవరుల కేమి తోచునో!

పాలవెల్లి యను మన యాకాశగంగ యడ్డము లక్ష కాంతిసంవత్సరములు. అందు 10,000 కోట్లకు తక్కువ గాని నక్షత్రములు. సూర్యుడు దాని నడిబొడ్డునకు 26,000 కాంతిసంవత్సరముల యెడమున నుండి, యొక్క ప్రదక్షిణమునకు ఇరువదిరెండు కోట్ల యేండ్లకు పైగా దీసికొనుచున్నాడు. కార్తికమాసమున ఆకాశదీపము లెత్తువేళ, చంద్రుడు లేని రాత్రి, విద్యుద్దీపములకు దూరముగ పాతపట్నము వైపు కొండలలో నిలిచి, ఉత్తరాభాద్రకు ఈశాన్యముగ జూచిన వారికి మంచుతునకవంటి యొక మసక వెలుగు గానవచ్చును. అది మఱియొక యాకాశగంగ. 25 లక్షల కాంతిసంవత్సరముల దూరము. కంటి కగపడువానిలో నంత దూరపు వస్తువు సామాన్యునకు మఱియొకటి లేదు. ఆ వెలుగు బయలుదేరునాటికి మనుష్యజాతి యింకను పూర్తిగ రూపొందలేదు.

ఇట్టి నక్షత్రసముదాయములు గుంపులై, గుంపులు మహాగుంపులై, నడుమ శూన్యములతో సాలెగూటివలె నల్లుకొనియున్నవి. 2017లో పూనాయందలి అయుకా సంస్థ శాస్త్రజ్ఞులు మీనరాశిలో, 400 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున నొక మహాసముదాయమును గనుగొని ‘సరస్వతి’ యని పేరిడిరి. దాని విస్తార మొక్కటియే 60 కోట్ల కాంతిసంవత్సరములు. వేదమునాటి నది పేరును భారతీయులే యాకాశమున వ్రాసిరి. ఇట్టి గర్వము మాకు సమ్మతమే, ఏలయన నిది వెదకి సంపాదించినది. మన కగపడగల విశ్వపు వ్యాసము 9,300 కోట్ల కాంతిసంవత్సరములు. వయస్సు 1,380 కోట్లే గదా, అంత దూరమెట్లని యడుగవచ్చును: కాంతి వచ్చుచుండగా దేశము తానే విస్తరించుచున్నది, బయలుదేరిన స్థలము వెనుకకు జరిగిపోయినది. ఇంతటి విశ్వమున మన మెఱిగిన పరమాణువులతో నైనది నూటికి అయిదుపాళ్లు మాత్రమే. మిగిలిన దేమియో తెలియదు. పేర్లు మాత్రము పెట్టబడినవి.

ఇక పాఠకులను మేము వేడునది చిన్నది. శ్రీకాకుళ విజయనగర జిల్లాలలోని ప్రతి యున్నత పాఠశాలకు నాలుగంగుళముల దూరదర్శిని యొకటి చాలును. ఒక పెండ్లిపందిటి దీపముల వ్యయము దానికి మిగిలి పోవును. భూస్వాములు తమ గ్రామపు పాఠశాలకును, మునిసిపాలిటీలు తమ పట్టణపు పాఠశాలకును ఇచ్చినచో, గురువులకు నేర్పుటకు విశ్వవిద్యాలయమువారిని మేమే ప్రార్థింతుము. తొందరకు గారణము కలదు. శుక్రగమనము 2012లో జరిగిపోయినది. మఱల 2117 దాక లేదు. కాని 2032 నవంబరు 13న బుధుడు సూర్యబింబమును దాటును. మన ప్రాంతమున మధ్యాహ్నము 12 గంటలు దాటిన కొంతసేపటికి మొదలై సాయంకాలము నాలుగున్నర దాటువఱకు, సూర్యాస్తమయమునకు ముందే, ఆద్యంతము కనుపించును. బుధుడు మిక్కిలి చిన్నచుక్క. దూరదర్శినియు, దానికి సూర్యతేజము నాపు జల్లెడయు లేక కానరాడు. వట్టికంటితో సూర్యుని జూచుట అంధత్వమునకు దారి. ఆనాటికి పదియేండ్ల బాలుడు నేడు పాలు త్రాగుచుండును.